రోజుకో గంట గొంతు

గొంతు పోయినావిడ దేవుడి మాటలు చెప్పడానికి బయల్దేరుతోందట. పక్కింటి కుట్టుమిషనావిడ ఆ మాట నీళ్ళ పంపు దగ్గర అందట. పంపు దగ్గర విన్నవాళ్ళు ఇస్త్రీ బండి దగ్గర అన్నారట. ఇస్త్రీ బండి దగ్గర విన్న పేపరాయన, పొద్దున్నే సైకిలు గోడకి ఆనించి, చుట్టిన పేపరు చేతిలో పెడుతూ ఆవిడ మొగుడికే చెప్పాడు.

"నేనన్నది కాదు బాబాయ్, అనుకుంటుంటే విన్నాను. పిన్నికి పైనుంచి పిలుపొచ్చిందటగా? వార్డులో నిలబడి ప్రసంగాలు చేస్తుందట. గొంతు లేకుండా ఎలా చేస్తుందా అని మేమందరం ఒకటే బెంగ."

"నా పెళ్ళాం సంగతి కదా, మీకు బెంగ ఉండాల్సిందే. ఊళ్ళో ఇంకా తెలియనివాళ్ళు ఎవరైనా మిగిలితే వాళ్ళకీ చెప్పిరా, సైకిలు ఉందిగా" అన్నాడు ఆ మొగుడు.

ఆయన్ని వీధి వీధంతా గ్రీజు బాబాయ్ అంటారు. బస్సు డిపోలో మెకానిక్కుగా పని చేసి దిగిపోయి నాలుగేళ్ళయినా, గోళ్ళ సందుల్లో ఆ నలుపు ఇంకా పోలేదు. పేపరు తీసుకుని లోపలికి వచ్చి, ముందుగది మూలనున్న దొంతర మీద పెట్టాడు. ఆ దొంతర అప్పటికే మోకాలెత్తు దాటింది. ఆరు వారాల పేపర్లు. ఒక్కటీ విప్పలేదు.

గొంతు పోయినావిడ అంటే అదేదో మామూలు గొంతు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న గొంతు. ఊళ్ళో సగం మంది ఆవిడ ముఖం ఎన్నడూ చూడలేదు గాని, ఆవిడ చెప్పకుండా ఎవరూ బస్సెక్కింది లేదు. చిన్నాపెద్దా అందరికీ ఆవిడ మైకమ్మే. బస్టాండులో ఏ కబురైనా రెండుసార్లు చెప్పాలని నియమం. మొదటిసారి చెప్పింది మూటలు సర్దుకునేవాళ్ళ చెవిన పడదు, రెండోసారి పడుతుంది. ఆ అలవాటు ఆవిడతో పాటు ఇంటికి నడిచొచ్చింది. "భోజనానికి రండి, భోజనానికి రండి" అనేది. కోపమొచ్చినా అంతే. పెళ్ళైన కొత్తలో ఓ రోజు "నేను పుట్టింటికి వెళ్ళిపోతాను, పుట్టింటికి వెళ్ళిపోతాను" అని పెట్టె సర్దుకుంటే, ఆయన తాపీగా "ఏ నంబరు ప్లాట్‌ఫారం నుంచి?" అని అడిగాడు. నవ్వాపుకోలేక ఆవిడ పెట్టె దించేసింది.

ఆయన పని బస్సు కింద గోతిలో. నెత్తిన బండి, బండి పైన కప్పు, కప్పు అంచున గంగాళమంత లౌడుస్పీకరు. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకున్నది తక్కువే గాని, పగలంతా ఆయన ఆ గొంతు కిందే బతికాడు. నట్టు బిగిస్తూ వినేవాడు, బోల్టు ఊడదీస్తూ వినేవాడు. మధ్యలో ఆవిడ దగ్గితే చేతిలో రెంచి ఆగిపోయేది.

పనిలోంచి దిగిపోయాక ఆయన కళ్ళని షుగరు తినేసింది. ఎటు చూసినా అంచులు కనబడతాయి, నడిమధ్య మాత్రం గ్రీజు బొటనవేలితో అద్దినట్టు ఓ మరక. మనిషి చెవులు కనబడతాయి, ముఖం కనబడదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే గాని పోయింది రాదని చెప్పేశారు. దాంతో ఆయన లోకమంతా ఉదయం ఏడింటినుంచి ఎనిమిది దాకా ఆ ఒక్క గంటలోకి వచ్చి చేరింది. మైకమ్మ పేపరు చదివేది. పెద్దక్షరాల వార్తలు రెండేసిసార్లు, చిన్నక్షరాలవి ఒకసారి, తప్పిపోయిన మేకల ప్రకటనతో సహా. ఆయన ప్రతి వార్తతోనూ తగువు పెట్టుకునేవాడు. ఆ తగువు బలంతోనే మిగతా రోజంతా నెట్టుకొచ్చేవాడు.

అలాంటిది ఆవిడ గొంతులో కాయలేచింది. కోసి తీశారు. ఆరు వారాలు పెదవి విప్పకూడదన్నారు. ఆ తర్వాత కూడా రోజుకు ఒక్క గంటే మాట్లాడాలన్నాడు డాక్టరు.

"అది దాటితే కోసిన చోటే మళ్ళీ తెగుతుంది. తెగితే నేను కూడా చేతులెత్తేయడమే" అన్నాడు.

"గంట చాలు డాక్టరుగారూ! మా పేపరు గంటే కదా" అన్నాడు గ్రీజు బాబాయ్, ఎగిరి గంతేసినంత సంబరంగా. ఆవిడ ముఖం ఎలా ఉందో ఆయనకి కనబడలేదు.

ఆ ఆరు వారాలు ఆ ఇంట్లో జరిగిన భాగోతం చెప్పుకోవాలి. మాట్లాడకూడని ఆవిడ పలక మీద రాస్తుంది. రాసింది ఆయనకి కనబడదు. మధ్యలో చదివిపెట్టే మనిషి కావాలి. అలా ఆ కాపరంలోకి పక్కింటి కుట్టుమిషనావిడ వచ్చి కూర్చుంది. మంచి మనిషే, చెయ్యి ఖాళీ లేకపోయినా పిలిస్తే వస్తుంది. కాకపోతే ఒక రవిక ముక్కలో రెండు రవికలు తీసే నేర్పరి కదా, మాటల్లోనూ అదే నేర్పు. పలక మీద ఆవిడ "మందు వేసుకోండి" అని రాస్తుంది. ఈవిడ చదువుతుంది:

"మందు వేసుకోండి అంటోంది అక్క. రోజూ నేను గుర్తుచెయ్యాలా, ఒళ్ళు మీది కాదా, నా మాటంటే బొత్తిగా లెక్కలేకుండా పోయింది అంటోంది."

"అంత చిన్న పలకలో అదంతా పట్టిందా?" అని ఆయన అడుగుతాడు. మైకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతుంది. ఆ భుజాల కదలిక ఆయనకి కనబడుతుంది.

ఆరో వారం ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా, సాయంత్రం ఆవిడ పలక నిండా రాసింది. తుడిచి మళ్ళీ రాసింది. మళ్ళీ తుడిచి రాసింది. కుట్టుమిషనావిడ మూడు పలకలూ చదివింది. ఆ రోజు మాత్రం ఒక్క ముక్క కలపలేదు. కలపకపోవడం చూసే ఇదేదో పెద్ద కబురని ఆయనకి తెలిసింది.

"డాక్టరు ఇచ్చిన గంట పేపరుకి కాదు. కంటి వార్డుకి. ప్రభువు అడిగాడు, సరేనన్నాను."

గ్రీజు బాబాయ్ గోడవైపు తిరిగాడు. ఆ గోడతోనే అన్నాడు: "నిన్నడిగాడు, బాగానే ఉంది. మరి నన్నెవరూ అడగలేదే?"

కుట్టుమిషనావిడ పలకకేసి చూసింది. "అక్క ఇంకేం రాయలేదు బావగారూ."

ఆ పిలుపు ఎలా వచ్చిందంటే, ఉరుమూ మెరుపూ ఏమీ లేవు. గొంతు కోసినప్పుడు ఆవిడ ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ గది పక్కనే కంటి వార్డు. రెండు కళ్ళకీ కట్టు కట్టిన ముసలావిడ ఒకామె ఉండి ఉండి "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసేది. ఆమెకి ఏమీ అక్కర్లేదు, నీళ్ళూ వద్దు, మందూ వద్దు. ఉన్నారో లేదో తెలియాలి, అంతే. నర్సులు ఇద్దరు, మంచాలు ఇరవై. మైకమ్మ లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఎవరు?" అంది ముసలావిడ. జవాబు లేదు. "ఎవరమ్మా? నోరు లేదా?" జవాబు లేదు. ముసలావిడ చెయ్యి విదిలించి కొట్టింది. "మాట్లాడని చెయ్యి నాకొద్దు!"

మైకమ్మ వచ్చి తన మంచం మీద కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరికీ దారి చెప్పింది, ఇప్పుడు పక్క వార్డులో మనిషికి "ఉన్నాను" అని చెప్పలేకపోయింది. చిన్నప్పటినుంచి చేస్తున్న ప్రార్థనే ఆ మధ్యాహ్నమూ చేసింది, కాకపోతే మాటల్లేకుండా. మైకు గదికి ఒక చిన్న కిటికీ ఉండేది. అందులోంచి ఎవరో చీటీ లోపలికి జారవిడిచేవాళ్ళు. బండి నంబరు, ప్లాట్‌ఫారం, వేళ. రాసిందెవరని ఆవిడ ఏనాడూ తొంగి చూడలేదు, చీటీ చేతికి రాగానే చదివేది. ఆ మధ్యాహ్నం కూడా లోపల ఏదో కిటికీలోంచి చీటీ జారినట్టే అనిపించింది. తెలిసిన చేతిరాతే. చదవడం తన పని.

ఇదంతా ఆవిడ పలకలకి పలకలు రాసి చెప్పింది. గ్రీజు బాబాయ్ వినలేదని కాదు, విని ఊరుకున్నాడు. మర్నాడు కర్ర పట్టుకుని, గోడల అంచులు చూసుకుంటూ గుడికి నడిచాడు. ఆయన గుడికి వెళ్ళడమంటే వెనకబల్ల మీద కునుకు తియ్యడం, గంట తాడు తెగితే ముడెయ్యడం. ఆ రోజు ముందుబల్ల దాకా వెళ్ళాడు. పాస్టరుగారు బల్లలు తుడుస్తున్నారు.

"అయ్యగారూ, మా ఆవిడకి మీరైనా చెప్పండి. ఉన్నదే గంట. సేవ చెయ్యొద్దని నేను అనను. ఇంట్లో ఉన్న గుడ్డివాడికి చేస్తే అది సేవ కాదా?"

పాస్టరుగారు గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "నాకు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గొంతుంది బాబాయ్. ఆ కంటి వార్డు గుమ్మం ఎక్కి మూడేళ్ళయింది. ఆవిడతో నేనేం మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

"పోనీ మీరెళ్ళండి. ఆవిడ మానుకుంటుంది."

"వెళ్ళాలి. ఆవిడ సంగతి విన్న దగ్గర్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది" అన్నారాయన.

ముల్లు తీయించుకుందామని వెళ్తే ఇంకొకటి గుచ్చి పంపినట్టయింది. ఆయన గొణుక్కుంటూ ఇంటికొచ్చాడు.

మైకమ్మ వెళ్ళడం మొదలుపెట్టింది. తొమ్మిదింటికి వెళ్ళేది, పన్నెండింటికి వచ్చేది. అందులో పది నుంచి పదకొండు దాకానే గొంతు. వచ్చాక మళ్ళీ పలకే. గ్రీజు బాబాయ్ అలిగాడు. మామూలు అలక కాదు, పద్ధతిగా అలిగాడు. రోజూ ఏడింటికి కుర్చీలో కూర్చుని పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకుని, సరిగ్గా గంటసేపు అలాగే ఉండి, మడిచి దొంతర మీద పెట్టేవాడు. ఒకటి రెండుసార్లు పేపరు తలకిందులుగా ఉంది. ఆవిడ చూసి, ఏమీ అనకుండా తిప్పి చేతిలో పెట్టింది. అది ఆయనకి మరీ మంటెక్కించింది.

కబుర్లు మాత్రం ఆగకుండా వచ్చేవి. వార్డులో దిండు గలీబులు కుట్టిస్తానని చెప్పి కుట్టుమిషనావిడ ఓ రోజు చూసొచ్చింది.

"బావగారూ, నిజం చెప్పాలంటే నాకు నవ్వాగలేదు. అక్క వాక్యం చెప్పడం ఎలా ఉందంటే, 'దయచేసి వినండి. దారి పక్కన ఒక గుడ్డివాడు కూర్చుని ఉన్నాడు' అంటుంటే, ఎక్కడ సంచి తీసుకుని లేచి బస్సెక్కేస్తానో అని నాకే భయమేసింది."

ఆయనకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని దగ్గులోకి మార్చాడు.

"గొంతెలా ఉంది?" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఏం చెప్పను బావగారూ. మీరే వెళ్ళి వినండి."

రెండు వారాలు గడిచాయి. పదిహేనో రోజు ఆయన తేల్చుకుందామని లేచాడు. ఆ రోజు పేపరు చంకలో పెట్టుకున్నాడు. వార్డులో అందరి ముందూ ఆవిడ చేతికిచ్చి "ముందు ఇది చదువు" అనాలని దారంతా ఆ మాటనే పదును పెట్టుకుంటూ నడిచాడు. ఆ ఆసుపత్రి మెట్లు ఆయనకి కొత్త కాదు. వార్డు గుమ్మం లోపల ఒక బల్ల ఉంటే కూర్చున్నాడు.

పెద్ద నర్సు వచ్చింది. "కట్టు విప్పేశారా? మంచం నంబరెంత?"

"మంచం లేదు. ఊరికే కూర్చుంటాను."

"ఊరికే కూర్చునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సరే, చప్పుడు చెయ్యకండి. ఇంకా పది కాలేదు."

పది కాలేదు కాబట్టి ఆవిడ మాట లేదు. ఆయన చెవులొగ్గాడు. చెంబులో నీళ్ళు వంచుతున్న చప్పుడు. దువ్వెన చిక్కు దగ్గర ఆగి, మళ్ళీ కదిలిన చప్పుడు. ఎవరినో నడిపించుకుంటూ వెళ్తున్న చెప్పులు, ఒక జత మెల్లగా, ఇంకో జత అంతకన్నా మెల్లగా. మొదట కేకలేసిన ముసలావిడ ఎప్పుడో కట్టు విప్పించుకుని ఇంటికెళ్ళిపోయింది. ఆ మంచం మీద ఇంకో ముసలావిడ, అదే కేక.

"ఉన్నావా తల్లీ?"

ఠక్ ఠక్. చేతి మీద రెండు తట్లు.

"ఆఁ, ఉన్నావు" అని ముసలావిడ నిమ్మళించింది.

నర్సు ఆయన పక్కకి వంగి చెప్పింది. "గొంతు లేనప్పుడు అలా తడుతుంది. రెండు తట్లంటే మైకమ్మ. ఈ వార్డులో అందరికీ తెలుసు."

అన్నీ రెండుసార్లే, దీనికి ఈ జన్మలో ఒక్కసారి చెప్పడం రాదు అనుకున్నాడాయన. కోపంగానే అనుకుందామనుకున్నాడు, కుదరలేదు.

గడియారం పది కొట్టింది. చెప్పుల చప్పుడు నడవ మధ్యలో ఆగింది.

"దయచేసి వినండి. వినాలని లేనివాళ్ళు వద్దని చెప్పండి, మానేస్తాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఎవరిదీ గొంతు? లౌడుస్పీకరులో కంచులా మోగిన గొంతు ఎక్కడ? ఇది కర్ర మీద ఆకురాయి రాసినట్టుంది. అక్కడక్కడ గాలి తప్ప మాట బయటికి రావడం లేదు. ఆరు వారాలు ఆయన ఎదురుచూసిన గొంతు అసలు లేనే లేదు. మిగిలింది ఇదీ. దీన్నే ఆవిడ ఇక్కడికి పట్టుకొచ్చి ఖర్చు పెడుతోంది.

మూల మంచం మీదనుంచి మోటు గొంతు ఒకటి లేచింది. ఆయన లారీ డ్రైవరు, రెండు కళ్ళకీ కట్టు. "నాకొద్దని మొదటి రోజే చెప్పానక్కా. కానీ వీళ్ళు కళ్ళకి కట్టారు గాని చెవులకి కట్టలేదు. నా కర్మకొద్దీ వింటున్నాను, కానియ్యి."

వార్డంతా నవ్వింది. ఆవిడ మొదలుపెట్టింది.

"దారి పక్కన ఒక గుడ్డివాడు కూర్చుని ఉన్నాడు."

మూల మంచం తప్ప మిగతా మంచాలన్నీ ఒక్కసారిగా అన్నాయి: "దారి పక్కన ఒక గుడ్డివాడు కూర్చుని ఉన్నాడు."

"ప్రభువు అటుగా వస్తున్నాడని విని, గట్టిగా కేకలేశాడు."

"గట్టిగా కేకలేశాడు."

"నోరు ముయ్యమని అందరూ కసిరారు."

"అందరూ కసిరారు."

గ్రీజు బాబాయ్ వేళ్ళు మడిచి లెక్క చూశాడు. ఆవిడ ప్రతి మాటా ఒక్కసారే చెబుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో లేనిది, ఒక్కసారే.

"రెండోసారి వాళ్ళ వంతు" అంది నర్సు, మెల్లగా. "మూడో రోజు ఆవిడకి మధ్యలో గొంతు ఆగిపోయింది. 'నువ్వు ఒకసారి చెప్పు తల్లీ, రెండోసారి మేం చెప్పుకుంటాం, నీకు మిగులుతుంది' అని ఆ ముసలావిడే అంది. అప్పట్నుంచీ ఇంతే."

ఆయన చంకలో పేపరు బరువెక్కింది. పెద్దక్షరాల వార్తలన్నీ రెండేసిసార్లు చదివించుకున్నాడు తను. ఆవిడ గొంతు బొంగురుపోతున్నప్పుడు కూడా "ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదువు" అన్నాడు. రెండోసారి తను అనొచ్చని ఒక్కనాడూ తట్టలేదు. కళ్ళకి కట్టున్న ముసలావిడకి మూడో రోజుకే తట్టింది.

"ఆయన ఆగాడు" అంది మైకమ్మ.

"ఆగాడు" అంది వార్డు.

"ఆగు, ఆగు" అన్నాడు లారీ డ్రైవరు, లేచి కూర్చుని. మంచం కిర్రుమంది. "నువ్వు బస్టాండులో చెప్పిన మైకమ్మవే కదూ? పదేళ్ళ కిందట మా అమ్మకి బాగా జబ్బుగా ఉందని కబురొచ్చింది. పొద్దున ఆరున్నర బండికి వచ్చి కూర్చున్నాను. కొద్దిసేపట్లో వస్తుంది, కొద్దిసేపట్లో వస్తుంది అని నాలుగు గంటలు కూర్చోబెట్టావు నన్ను. నీ గొంతుని ఆ రోజు తిట్టని తిట్టు లేదు. ఇవాళ అదే నోటితో దేవుడు ఆగాడంటే నమ్మమంటావా?"

ఆవిడ జవాబు చెప్పడానికి గాలి పోగుచేసుకోవడం బల్ల దాకా వినబడింది.

"ఆ బండి వచ్చిందా, రాలేదా?"

"వచ్చిందనుకో... ఎప్పటికో."

"బండిని నేను నడపలేదు తమ్ముడూ. చీటీలో వస్తుందని ఉంది, వస్తుందని చదివాను. ఇప్పుడూ అదే చేస్తున్నాను. ఆయన్ని నేను తీసుకురాలేను. వస్తాడని చెప్పగలను, అంతే."

"ఆ మాట ఎవరైనా చెబుతారు" అన్నాడు డ్రైవరు.

"గేరుబాక్సు పోయింది" అని గుమ్మం దగ్గర్నుంచి మాట వచ్చింది.

అందరి తలలూ తిరిగాయి, చూడలేకపోయినా. మాట నోట్లోంచి ఎలా వచ్చిందో గ్రీజు బాబాయ్‌కే తెలియదు. వచ్చాక ఇక ఆగలేదు.

"ఆ రోజు ఆరున్నర బండికి గేరుబాక్సు పోయింది. కొత్తది లేదు. పాతదే విప్పి, అరిగిన పళ్ళు సానబెట్టి బిగించాను. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. పైన ఆ మైకు 'కొద్దిసేపట్లో వస్తుంది' అన్నప్పుడల్లా కింద నాకు చెమటలు కారేవి. వదిలేసి బండి రద్దు చేసేద్దామన్నారు డిపోలో. ఆవిడ వస్తుందని ఊరందరికీ చెప్పేసింది, ఇక రాకపోతే ఎలా అని నేనే ఒప్పుకోలేదు."

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు డ్రైవరు.

"ఆ మైకు మొగుణ్ణి."

నవ్వులు పైకప్పుకి తగిలాయి. నర్సు కూడా ముఖం పక్కకి తిప్పుకుంది. నవ్వు తగ్గాక గ్రీజు బాబాయ్ మెల్లగా అడిగాడు: "మీ అమ్మ...?"

"అప్పటికింకా ఉంది" అన్నాడు డ్రైవరు. "నేను వెళ్ళాక రెండు రోజులుంది. నన్ను గుర్తుపట్టింది. ఆ బండి రాకపోతే చూసేవాణ్ణి కాదు" అన్నాడు. మళ్ళీ వెల్లకిలా పడుకున్నాడు. మంచం మళ్ళీ కిర్రుమంది. "సరే అక్కా, ఆ గుడ్డాయన సంగతి మొదట్నుంచి చెప్పు. కేకేస్తే నిజంగా ఆగాడా?"

"ఆగాడు."

"ఆగాడు" అంది వార్డు. మూల మంచం కూడా అంది. గుమ్మం దగ్గరి బల్ల మీద కూడా ఎవరో అన్నారు. అది తన గొంతే అని గ్రీజు బాబాయ్ ఒక క్షణం ఆలస్యంగా గుర్తుపట్టాడు. వెనకబల్ల మీద కునుకు తీసిన ఆదివారాలన్నిటిలో ఈ మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. నోటితో అనడం ఇదే మొదలు.

పదకొండు కొట్టగానే ఆవిడ మాట మధ్యలో ఆపేసింది. మిగతాది వార్డే పూర్తి చేసింది. ఆవిడ వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆయనకి రెండు చెవులూ, చెవుల పక్కన నెరిసిన జుట్టూ కనబడ్డాయి. చంకలో పేపరు ఆవిడ చూసే ఉంటుంది. ఆయన చేతి మీద రెండుసార్లు తట్టింది. ఆయన పేపరుని ఇంకాస్త గట్టిగా చంకలోకి నొక్కుకుని లేచాడు.

ఇంటికి నడిచేటప్పుడు ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

"గొంతు బాగా పాడైపోయిందే" అన్నాడు.

ఒక తట్టు, అవునన్నట్టు.

"ఇంకా పాడవుతుందేమో."

ఆవిడ తట్టలేదు. నడుస్తూనే ఉంది.

"ఆ లౌడుస్పీకరులో కూడా ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు నువ్వు" అన్నాడాయన. అని, ఆ మాటకి తనే సిగ్గుపడి, ఎదురుగా లేని రాయిని కర్రతో పక్కకి నెట్టాడు.

సాయంత్రం ఆవిడ పలక తీసింది. కుట్టుమిషనావిడకి కబురు వెళ్ళింది. మెడలో టేపు తియ్యకుండానే వచ్చేసింది, ఏం జరిగిందో తెలియక ఆ పూట మిషను కూడా సరిగా నడవలేదట. పలక అందుకుని చదివింది.

"రేపటినుంచి అరగంట మీకు, అరగంట వాళ్ళకి."

"ఉన్నదే చదివావా, నీ ముక్కేమైనా కలిపావా?" అన్నాడు గ్రీజు బాబాయ్.

"ఒట్టు బావగారూ! అంతే ఉంది. కావాలంటే ఎవరినైనా పిలిచి చదివించుకోండి."

ఆయన మూలనున్న దొంతరకేసి తిరిగాడు. దాని అంచులు కనబడుతున్నాయి. ఇప్పుడది తొడ దాకా లేచింది. ఆ రోజు పేపరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. అరగంట అంటే ఎంతో ఆయన లెక్క వేసుకున్నాడు. ఆకురాయి లాంటి ఆ గొంతులో అరగంట. అందులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, తప్పిపోయిన మేకలు. అదే అరగంట అక్కడైతే ఆ గుడ్డివాడు కేకెయ్యడమూ, ఆయన ఆగడమూ. డ్రైవరు కట్టు ఎల్లుండి విప్పుతారని నర్సు చెప్పింది. ఆ మంచం మీదికి ఎవరు వస్తారో, వచ్చి ఏమని కేకేస్తారో.

"వద్దు" అన్నాడు.

మైకమ్మ పలక లాక్కుని ఏదో రాసింది. బలపం గట్టిగా కీచుమంది.

"'పేపరు?' అని రాసింది బావగారూ, ఒక్క ముక్కే. అయినా అక్క అన్నదాంట్లో తప్పేముంది? ఈవిడ గొంతంతా తీసుకెళ్ళి ఆ వార్డులో పోసొస్తే, ఇంత దొంతర మీకెవరు చదివిపెడతారు చెప్పండి?"

గ్రీజు బాబాయ్ చేతిలో పేపరు దొంతర మీద పెట్టాడు. కర్రతో కుర్చీ ఒకటి దొంతర పక్కకి జరిపాడు.

"నువ్వే. పలకలో లేనివి కూడా చదివేదానివి, పేపర్లో ఉన్నవి చదవలేవా? కూర్చో, అడుగున ఉన్నదాంతో మొదలుపెట్టు."